ఇంటి దగ్గరే కారు ఇంజన్ క్రాంక్ ఆయిల్ సీల్ మార్చుకోవడం – పాత ఓమ్నీ బండి ఉదాహరణగా



మనలో చాలామంది దగ్గర పాత మారుతి ఓమ్నీయో, మారుతి 800 కారో ఉంటుంది. తెల్లవారుజామున కూరగాయలు రైతు బజారుకి, దేశీ బియ్యం బస్తాలు పట్నంలో వాడకందార్ల ఇళ్ళకి, తిరుగు ప్రయాణంలో బెల్లం, వేపపిండి, ఖాళీ డ్రమ్ములు... అన్నీ దానిమీదే. ఓమ్నీ 2019 దాకా తయారైన బండి కాబట్టి పల్లెల్లో ఇంకా బాగానే తిరుగుతున్నాయి. పనిమంతురాలే గానీ వయసు మీద పడ్డాక దీనికి ఒక జబ్బు వస్తుంది. రాత్రి నిలబెట్టిన చోట పొద్దున్నే నేలమీద నల్లటి ఆయిల్ మరక. వారం వారం డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గడం. షెడ్డుకి తీసుకెళితే "క్రాంక్ సీల్ పోయింది, బండి వదిలెళ్ళండి" అంటారు.

సీల్ ఖరీదు తక్కువే. ఖరీదంతా దాని దగ్గరికి చేరుకోవడంలో ఉంది. అంటే ఒక పూట చాకిరీ. పానాలు పట్టడం అలవాటున్న వాళ్ళు, ఆయిల్ ఇంజన్‌నో పవర్ వీడర్‌నో సొంతంగా విప్పి బిగించుకునే వాళ్ళు ఈ పని చేసుకోగలరు. పైన ఇచ్చిన వీడియోలో పని మొత్తం వరుసగా ఉంది. కానీ వీడియోలో చేతులు కనపడతాయి, ఎందుకు అలా చేస్తున్నాం అన్నది చెప్పే టైం ఉండదు. ఆ సంగతులు ఇక్కడ రాస్తున్నాను. వీడియో ఒకసారి చూసి, ఇది చదివి, మళ్ళీ చూసి, అప్పుడు పానా పట్టండి.

అసలు ఈ సీల్ ఏం చేస్తుంది?

పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటే ఆ ఆటని గుండ్రటి తిరుగుడుగా మార్చేది క్రాంక్ షాఫ్టు. దాని రెండు కొసలూ ఇంజన్ బయటికి వస్తాయి. ముందు కొసకి పుల్లీ, వెనక కొసకి ఫ్లైవీలు. తిరిగే షాఫ్టుకీ, కదలని ఇంజన్ గోడకీ మధ్య సందు ఉండక తప్పదు. ఆ సందులోంచి లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపేదే ఆయిల్ సీల్. బయటి అంచు గట్టి ఇనుప రింగు. లోపలి అంచు పలచటి రబ్బరు పెదవి. ఆ పెదవి వెనక సన్నటి స్ప్రింగు కడియంలా చుట్టుకుని, పెదవిని షాఫ్టుకి ఆనించి ఉంచుతుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. పెదవి షాఫ్టుని పొడిగా రాసుకుంటూ ఉండదు. రెండింటి మధ్య కంటికి కనపడనంత పలచటి ఆయిల్ పొర ఉంటుంది. దాని మీదే తిరుగుతుంది. ఆ పొర లేకపోతే కొత్త సీల్ అయినా మొదటి నిమిషాల్లోనే మాడుతుంది. కొత్త సీల్ పెదవికి ఆయిల్ రాయకుండా ఎక్కించకూడదు అనేది ఇందుకే.

ఏళ్ళు గడిచేకొద్దీ వేడికి రబ్బరు బిగుసుకుపోతుంది. పాత సీల్ బయటికి తీశాక వేలితో నొక్కి చూడండి, గోరులా గట్టిగా ఉంటుంది. బిగుసుకున్న పెదవి షాఫ్టు వెంట కదలలేదు, సందు వదులుతుంది.

ఓమ్నీ, 800 బండ్లలో ఉండే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్‌లో ముందు సీల్ ఆయిల్ పంపు బాడీలోనే కూర్చుని ఉంటుంది. దానికి ముందే టైమింగ్ బెల్టు తిరుగుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే. కారే ఆయిల్ నేలమీద పడితే మరక, బెల్టు మీద పడితే ముప్పు. ఆయిల్ తాగిన బెల్టు రబ్బరు ఉబ్బుతుంది, పళ్ళు మెత్తబడతాయి, ఒక రోజు బండి బరువుతో ఉండగా తెగుతుంది. వాల్వులు పిస్టన్లకి తగిలే రకం ఇంజన్ అయితే బెల్టు తెగిన క్షణమే వాల్వులు వంగిపోతాయి. ఏ ఇంజన్‌లో తగులుతాయి, ఏ ఇంజన్‌లో తగలవు అనే వాదన మెకానిక్కుల మధ్య ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. తగులుతాయి అనుకునే పని చేయడం మంచిది. కాబట్టి "కొంచెమే కదా కారేది, నెలకో పావు లీటరు పోస్తే సరి" అని ఏడాదిపాటు నెట్టుకురావడం తెలివైన పొదుపు కాదు.

కారేది నిజంగా ఈ సీలేనా?

పానా పట్టే ముందు ఇది తేల్చుకోవాలి. ఆయిల్ పైనుంచి కిందికి కారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. వాల్వు కవర్ ప్యాకింగు కారినా, క్యామ్ షాఫ్టు సీల్ కారినా చివరికి చుక్క రాలేది కింద క్రాంక్ పుల్లీ దగ్గరే. చూసిన వాళ్ళు క్రాంక్ సీల్ అనే అంటారు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ముందు భాగం అంతా బ్రష్షుతో, కొద్దిగా డీజిల్‌తో కడిగి పొడిగుడ్డతో తుడవండి. కింద ఒక ట్రే పెట్టే కడగండి. పూర్తిగా ఆరాక ముఖానికి రాసే పౌడరు ఆ భాగమంతా పలచగా చల్లండి. పది పదిహేను నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి, టార్చి వేసి చూడండి. తెల్లటి పౌడరు మీద ఆయిల్ దారి గీత గీసినట్టు కనపడుతుంది. గీత పైనుంచి మొదలైతే క్యామ్ సీలో, వాల్వు కవరో. టైమింగ్ కవరు కింది అంచు నుంచీ, పుల్లీ వెనక నుంచీ మొదలైతే మనం అనుకున్నదే. ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రం చేతులు, తుండుగుడ్డ, చీర కొంగు బెల్టు దరిదాపుల్లోకి వెళ్ళకూడదు.

ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య అతుకు నుంచి కారుతుంటే అది వెనక సీల్, లేదా గేర్‌బాక్సు సీల్. వేలికి రాసుకుని వాసన చూడండి, గేర్ ఆయిల్‌కి గంధకం లాంటి ఘాటు ఉంటుంది. వెనక సీల్ అయితే గేర్‌బాక్సు, క్లచ్, ఫ్లైవీలు అన్నీ దించాలి. అది ఇంటి దగ్గర చేసే పని కాదు, షెడ్డుకే పంపండి.

ఇంకో సంగతి. దీన్ని షెడ్డుల్లో కూడా చాలామంది పట్టించుకోరు. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాసు ఎప్పుడూ ఇంజన్ అడుగు భాగంలోకి దిగుతుంది. అది బయటికి పోవడానికి ఊపిరి గొట్టం ఒకటి ఉంటుంది, వాల్వు కవరు నుంచి ఎయిర్ క్లీనర్ వైపు వెళ్ళే రబ్బరు పైపు. కొత్త బండ్లలో దీనికి పీసీవీ వాల్వు కూడా ఉంటుంది. ఈ దారి మసితో పూడిపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్‌ని ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి బయటికి తోస్తుంది. జీవామృతం డ్రమ్ముకి గాలి ఆడని మూత బిగిస్తే ఏమవుతుందో మనకి తెలుసు, అందుకే గోనెపట్టా కప్పుతాం. ఇంజన్ సంగతీ అంతే. ఆ పైపు తీసి, కడిగి, నోటితో ఊది చూడండి. ఇది శుభ్రం చేయకుండా ఎన్ని కొత్త సీళ్ళు వేసినా మళ్ళీ కారతాయి. కొన్నిసార్లు పైపు కడగగానే కారడం సగానికి తగ్గుతుంది కూడా.

పైపు బాగున్నా, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసా కొడుతుంటే రింగులు అరిగాయని అర్థం. అప్పుడు సీల్ మార్చడం తాత్కాలికమే. అలాగే ఆయిల్ పై గీత దాటి పోసే అలవాటున్నా సీళ్ళ మీద భారం పడుతుంది.

సీల్ కొనేటప్పుడు

పాత సీల్ ముఖం మీద మూడు అంకెలు ఉంటాయి, మి.మీ.లలో. మొదటిది షాఫ్టు మందం, రెండోది బయటి వ్యాసం, మూడోది వెడల్పు. 30-45-8 అని ఉంటే అర్థం అదే. కానీ అంకెలు కలిసినంత మాత్రాన సరిపోదు. మన పంపులకీ, వీడర్ గేర్‌బాక్సులకీ బేరింగుల షాపులో ఇచ్చే నల్ల సీళ్ళు చాలా వరకు నైట్రైల్ రబ్బరువి, సుమారు 100 డిగ్రీల వేడి వరకే బాగుంటాయి. ఇంజన్ సీల్‌కి అంతకంటే వేడి ఓర్చుకునే రబ్బరు కావాలి. వైటాన్ అనే పేరుతో పిలిచే రకం సుమారు 200 డిగ్రీలు ఓర్చుకుంటుంది. బండి మోడలు, సంవత్సరం చెప్పి ఆ ఇంజన్‌కే చేసిన సీల్ అడగండి. యాభై, వంద రూపాయల తేడాకి ఒక పూట చాకిరీ మళ్ళీ చేయాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు.

సీల్ మీద బాణం గుర్తు ఉంటే అది షాఫ్టు తిరిగే దిక్కు. స్ప్రింగు ఉన్న వైపు ఎప్పుడూ ఇంజన్ లోపలికి, అంటే ఆయిల్ ఉన్న వైపుకే ఉండాలి. కొన్ని కొత్త కార్లలో తెల్లటి లేదా గోధుమ రంగు టెఫ్లాన్ పెదవి సీళ్ళు వస్తున్నాయి. వాటికి ఆయిల్ రాయకుండా పొడిగానే వేయాలి, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చదవండి.

ఎలాగూ బెల్టు విప్పుతున్నాం కాబట్టి పనిలో పనిగా క్యామ్ సీల్, టైమింగ్ బెల్టు కూడా కొనండి. ఆయిల్ తగిలిన బెల్టుని కడిగి మళ్ళీ వేయడం కుదరదు, రబ్బరు తాగిన ఆయిల్ బయటికి రాదు. టెన్షనర్ చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే అదీ మార్చాలి.

పని మొదలుపెడదాం

చదునైన గట్టి నేల, చల్లారిన ఇంజన్, తోడుగా ఒక మనిషి. ముందుగా బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. ముందు భాగం జాకీతో లేపి, ఇనుప స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ లేపడానికే, దాన్ని నమ్ముకుని బండి కిందకి దూరవద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు కూడా వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. స్టాండ్లు లేకపోతే ఎక్కడైనా అడిగి తెచ్చుకోండి, దొరికిన రోజే పని పెట్టుకోండి.

ఓమ్నీలో ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీట్లు లేపితే పై భాగం అందుతుంది, క్రాంక్ పుల్లీ మాత్రం కింద నుంచే. అందుకని వరుస ముఖ్యం. సీటు లేపక ముందే మధ్య బోల్టు వదులు చేసుకోవాలి. ఆ బోల్టు గట్టిగా పట్టి ఉంటుంది, పానా వేస్తే ఇంజన్ కూడా తిరుగుతుంది. తోటి మనిషిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి టాప్ గేరు వేయించి, హ్యాండ్ బ్రేకు లాగి, కాలి బ్రేకు గట్టిగా తొక్కమనండి. ఓమ్నీలో ఇంజన్ బలం వెనక చక్రాలకి వెళుతుంది, అవి నేలమీదే ఉన్నాయి కాబట్టి ఇంజన్ కదలదు. పొడుగు పిడి ఉన్న సాకెట్ పానాతో నిదానంగా బలం పెట్టండి. పానా నేలకి ఆనించి సెల్ఫ్ కొట్టి బోల్టు వదులు చేసే పద్ధతి కొందరు చూపిస్తారు. పానా జారితే ఎముక విరుగుతుంది, దాని జోలికి పోవద్దు.

బోల్టు వదిలింది అనిపించగానే మళ్ళీ చేతి బిగువుగా బిగించి ఉంచండి. ఇప్పుడు గేరు న్యూట్రల్. స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఆల్టర్నేటర్ బెల్టు, అంటే మనం ఫ్యాన్ బెల్టు అనేది, తీసేయండి. పుల్లీని పట్టుకున్న చిన్న బోల్టులు ఉంటే అవి విప్పి పుల్లీ, తర్వాత టైమింగ్ కవరు తీయండి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోయకండి, అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి ఏ బోల్టు ఏ మూలదో అక్కడే గుచ్చండి.

ఇక అన్నిటికన్నా జాగ్రత్త కావలసిన చోటు. క్రాంక్ గేరు మీద ఒక గుర్తు, ఆయిల్ పంపు బాడీ మీద దానికి ఎదురుగా ఒక గుర్తు ఉంటాయి. పైన క్యామ్ గేరుకీ అలాగే. మధ్య బోల్టు పట్టుకుని ఇంజన్ తిరిగే దిక్కులోనే, ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పి, రెండు చోట్లా గుర్తులు ఎదురెదురుగా తెచ్చుకోండి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే కింద కలిసినా పైన కలవకపోవచ్చు, అప్పుడు ఇంకో చుట్టు తిప్పాలి. కలిశాక బెల్టుకీ గేర్లకీ గోళ్ళరంగుతో చుక్కలు పెట్టి, ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. అప్పుడు టెన్షనర్ వదులు చేసి బెల్టు తీయండి. ఆ క్షణం నుంచి బెల్టు మళ్ళీ ఎక్కేదాకా క్రాంకునీ క్యామునీ తిప్పకూడదు. పిల్లలు "ఇది తిప్పితే ఏమవుతుంది తాతా" అని చెయ్యి పెట్టే చోట బండి నిలబెట్టకండి.

మధ్య బోల్టు తీసి, క్రాంక్ గేరుని రెండు పక్కలా సమానంగా మెల్లగా ఎత్తుతూ జరపండి. సుత్తి వద్దు. దాని వెనక పలచటి గైడ్ ప్లేటు ఉంటుంది, ఏ ముఖం ఎటు ఉందో ఫోటో తీశాకే కదపండి. షాఫ్టు గాడిలో చిన్న ఇనుప కీ ఉంటుంది. అది మట్టిలో పడితే దొరకదు, కింద గుడ్డ పరవండి.

ఇప్పుడు సీల్ కనపడుతుంది. తీసే ముందు అది ఎంత లోతులో కూర్చుందో అగ్గిపుల్ల ఆనించి గీత పెట్టుకోండి. వీడియోల్లో చాలామంది సీల్‌కి డ్రిల్లుతో కన్నం పెట్టి, స్క్రూ ఎక్కించి లాగుతారు. మిగతా చోట్ల ఆ పద్ధతి బాగానే ఉంటుంది గానీ ఈ ఇంజన్‌లో నాకు నచ్చదు. సీల్ వెనకే ఆయిల్ పంపు ఉంది, ఇనుప రజను అందులోకి పోతే ఇంజన్ మొత్తానికీ చేటు. కొస వంచిన స్క్రూడ్రైవరుకి టేపు చుట్టి, పెదవి కిందికి దూర్చి, చుట్టూ నాలుగు చోట్ల కొంచెం కొంచెంగా ఎత్తుతూ తీయండి. షాఫ్టు మీద గీత పడకూడదు, సీల్ కూర్చునే గోడ మీదా పడకూడదు. సీల్ ముక్కలైనా ఫర్వాలేదు, దాని పని అయిపోయింది. స్ప్రింగు మాత్రం లోపల ఉండిపోకుండా బయటికి వచ్చిందో లేదో చూసుకోండి.

షాఫ్టు తుడిచి, పెదవి ఆనే చోట గోరుతో అడ్డంగా గీరండి. గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడిందని అర్థం. ఇన్నేళ్ళు రబ్బరు తిరిగితే ఇనుము కూడా అరుగుతుంది, అరిగించేది రబ్బరు కాదు, దాని కింద చేరిన దుమ్ము. మన బండ్లు తిరిగేది మట్టి దారులు కదా. చిన్న గాడి అయితే కొత్త సీల్‌ని పాతదాని కంటే ఒక మి.మీ. తేడాలో కూర్చోబెడితే పెదవి నున్నటి చోట ఆనుతుంది, చోటు ఉంటేనే అనుకోండి. లోతు ఎక్కువైతే షాఫ్టుకి తొడిగే పలచటి రిపేర్ స్లీవులు దొరుకుతాయి. ఆకురాయి పెట్టి గీకడం మాత్రం వద్దు. తుప్పు మచ్చలుంటే నున్నటి ఎమరీ కాగితంతో షాఫ్టు చుట్టూ తిప్పుతూ రుద్దండి. పొడవునా రుద్దితే ఆ గీతల వెంబడే ఆయిల్ బయటికి నడుస్తుంది.

కొత్త సీల్ పెదవికి శుభ్రమైన ఇంజన్ ఆయిల్ రాయండి. కీ గాడి అంచులు పదునుగా ఉంటాయి, సీల్ దాటేటప్పుడు పెదవిని కోస్తాయి. అందుకని షాఫ్టు కొసకి ఒక చుట్టు పలచటి టేపు వేసి, దాని మీద ఆయిల్ రాసి, సీల్ ఎక్కించాక టేపు లాగేయండి. సీల్‌ని లోపలికి దించడానికి దాని బయటి అంచుకి సరిపోయే పీవీసీ పైపు ముక్క చాలు, మన డ్రిప్పు సామాన్లలో వెతికితే దొరుకుతుంది. కోత సమంగా ఉండాలి. పైపు మీద చిన్న సుత్తితో చుట్టూ తడుతూ నెమ్మదిగా దించండి. ఒక పక్క ముందు దిగితే ఆపి, రెండో పక్క తట్టి సమం చేయండి. అగ్గిపుల్ల గీత దగ్గర ఆగండి.

కీ, గైడ్ ప్లేటు, గేరు, బెల్టు తిరుగు వరుసలో ఎక్కించండి. టెన్షనర్ స్ప్రింగు బెల్టుని లాగిపట్టాక, బోల్టు వేసి ఇంజన్‌ని చేత్తో నిండా రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూసి, అప్పుడే టెన్షనర్ బిగించండి. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం పెట్టకండి. ఒక పన్ను అటూ ఇటూ అయి ఉంటుంది, బెల్టు తీసి మొదటి నుంచి చూడండి. గుర్తులు కలవకుండా సెల్ఫ్ కొట్టడం అంటే ఇంజన్‌తో జూదం ఆడటమే. మధ్య బోల్టుని చేతి అంచనాతో వదిలేయకుండా మాన్యువల్‌లో చెప్పిన బిగువుకి టార్క్ పానాతో బిగించండి, షెడ్డులో అడిగితే గంటసేపు ఇస్తారు.

కారిన ఆయిల్, కాలిన ఆయిల్

ఈ పని పొలంలో, పశువుల పాక దగ్గర, కంపోస్టు గుంట పక్కన పెట్టుకోవద్దు. వాడిన ఇంజన్ ఆయిల్‌లో అరిగిన లోహాల రజను, ఆయిల్ కాలడం వల్ల పుట్టే విష పదార్థాలు ఉంటాయి. మట్టిలో పడితే రేణువుల చుట్టూ పొరలా పట్టి నీటిని, గాలిని ఆడనివ్వదు. మనం ఏళ్ళ తరబడి పెంచుకున్న వానపాములకీ సూక్ష్మజీవులకీ అది విషమే. చెదలు పట్టకుండా గుంజలకి కాలిన ఆయిల్ పూయడం, గట్టు మీద గడ్డికి పోయడం ఊళ్ళలో పాత అలవాటు. రసాయన మందు చల్లనని చెప్పుకునే మన పొలంలో దానికి చోటు ఉండకూడదు.

కింద అట్టపెట్టె పరచి, దాని మీద రంపపు పొట్టు చల్లి పని చేయండి. చుక్కలన్నీ పొట్టు పీల్చుకుంటుంది. ఆ పొట్టుని కంపోస్టులో కలపొద్దు, పొయ్యిలో వేయొద్దు, సంచిలో కట్టి విడిగా పెట్టండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్‌ని అనుమతి ఉన్న రీసైక్లింగు వాళ్ళకే చేర్చాలి. మనకి దగ్గర దారి, వాళ్ళకి ఆయిల్ అప్పగించే పెద్ద సర్వీసు సెంటరుకి డబ్బాతో ఇచ్చిరావడం. పొట్టు సంచిని కూడా వాళ్ళు తీసుకుంటారేమో అడగండి.

చివరగా, ఆయిల్ మట్టం చదునైన నేలమీద రెండు గీతల మధ్య ఉండేలా చూసి, ప్లగ్గులు, బ్యాటరీ తీగ బిగించి ఇంజన్ స్టార్ట్ చేయండి. మామూలుగా తిరగనిచ్చి పది నిమిషాల తర్వాత ఆపి కింద చూడండి. టైమింగ్ కవరు అంచుల్లో మిగిలిన పాత ఆయిల్ మొదటి రెండు మూడు రోజులు ఒకటీ అరా చుక్క రాలవచ్చు, కంగారు పడవద్దు. సుమారు 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ పౌడరు చల్లి చూడండి. పొడిగా ఉంటే టైమింగ్ కవరు మీద తెల్ల పెయింటుతో ఆ రోజు తేదీ, మీటరులో కిలోమీటర్లు, బెల్టు మార్చిన సంగతి రాసి పెట్టండి. తర్వాత బండి ఎవరి చేతికి వెళ్ళినా విప్పకుండానే తెలుస్తుంది.